ముగియని చర్చ

స్తంభాల కాపలాదారు ఓబులేశు ఎడమ స్తంభం ధ్వనిరంధ్రాల్లో చేరిన ఎర్రదుమ్మును కుంచెతో దులిపి, చెవి ఆనించి చూశాడు. అందులో దాచి ఉంచిన తిరుపాలమ్మ గొంతు గరగర లేకుండా పలికింది: "మా నీళ్లు ఎటు పోవాలో మేం కొట్లాడుకొనైనా తేల్చుకుంటాం. ఆ కొట్లాట కూడా మాదే సామీ!"

అరవై ఏళ్ల కిందట ఈ మైదానంలోనే ఆమె వాదించి ఓడిపోయింది. యంత్రం తేలిస్తే కొట్లాటలే ఉండవని వాదించిన నారాయణప్ప గెలిచాడు; అతని గొంతు కుడి స్తంభంలో ఉంది. ఆనాటి నుంచి నీళ్లూ కొలువులూ పెళ్లి అనుమతులూ అన్నీ నిర్ణయాలయం యంత్రమే తేలుస్తోంది. జనానికి తీరికే తీరిక. అయినా ఈ వాదస్తంభాల వైపు నరమానవుడు రాడు. భార్య పోయాక ఓబులేశు మనసు పెట్టి వినే మనిషి గొంతు తిరుపాలమ్మదొక్కటే. ఆమె ఎక్కడ దగ్గుతుందో, ఎక్కడ మంచినీళ్లు అడుగుతుందో అతనికి కంఠతా వచ్చు. పిచ్చి మారాజు, ఒక్కోసారి జవాబు కూడా చెప్పేవాడు.

పదిన్నరకు స్మృతిశాఖ అధికారి మస్తానమ్మ వచ్చింది. మనిషి మంచిదే, తెచ్చిన కబురే చెడ్డది.

"ఓబులేశన్నా, ఎడమ స్తంభం ఈ పొద్దుతో సరి. ఓడిన గొంతుకు పదేండ్లు శ్రోతలు లేకుంటే తీసేయాలని నియమం; లెక్క చూస్తే సున్నా. మధ్యాహ్నం ఆ గొంతు చెరిపేస్తారు."

"సున్నా ఏంది మేడమ్? ఇనేవాళ్లను లెక్కబెట్టే ఆ శ్రోతశిల మీద నేను దినామూ నిలబడి ఇంటాండా గదా!"

మస్తానమ్మ తల దించుకుంది. "కొలువులో ఉండేవాళ్లను అది లెక్కబెట్టదన్నా. నువ్వు నిలబడేది పని కిందికే వస్తుంది."

ఓబులేశు ఇంతకాలం ఎండనక వాననక నిలబడ్డాడు. తన వల్లనే ఆ గొంతు బతికుందని మురిసిపోయాడు. ఎంత వెర్రివాణ్ణిరా దేవుడా అనుకున్నాడు.

"అట్లయితే కొలువు వద్దు. ఇప్పుడే రాసుకో మేడమ్."

"కొలువుతో ఇచ్చిన గది కూడా పోతుందన్నా!"

"పోనీలే. ఆ గదిలో నాతో మాట్లాడేవాళ్లు ఎవరుండారు?"

ఆమె చేసేది లేక అరచేతి పలక మీద నమోదు చేసింది. ఓబులేశు వెళ్లి శిలపై నిలబడ్డాడు. రెండు గొంతులూ మొదటినుంచి చివరిదాకా పలికాయి. ఇన్నేళ్లూ నారాయణప్ప వంతు రాగానే కుంచె అందుకుని పనిలో పడేవాడు. ఇవాళ పనేదీ లేక అదీ విన్నాడు.

"శ్రోతా, మీరు ఏ పక్షం?" శిల అడిగింది.

"తిరుపాలమ్మ పక్షమని చెప్పన్నా, చాలు. గొంతు మిగులుతుంది," మస్తానమ్మ తొందరపెట్టింది.

ఓబులేశు కుడి స్తంభం వైపు తిరిగాడు. "నారాయణప్ప చెప్పిండేదీ అబద్ధమేం కాదే! నాకింకా తేలలేదు. ఇద్దర్నీ మళ్లా మాట్లాడమను."

రెండు స్తంభాలూ ఒక్కసారిగా అన్నాయి: "శ్రోతకు తేలలేదు, చర్చ ముగియలేదు."

మస్తానమ్మ పలక మీద కాలువలు, కొలువులు, అనుమతులు వరుసగా ఎర్రబడ్డాయి. చర్చ ముగిసేదాకా తీర్పులు నిలుపుదల.

"ఎంత పని చేసినావన్నా! ఆ చర్చ ముగిసిందనే కదా నిర్ణయాలయం నడిచేది! తేల్చుకునేందుకు ఎంతసేపు పడుతుంది నీకు?"

"ఏమో తెల్దు మేడమ్," ఓబులేశు శిల మీద కాస్త పక్కకు జరిగాడు. "నువ్వూ వచ్చి ఇను. ఒక్కణ్ణే ఎంతకని తేల్చేది?"