కరిచిందని పంపించేస్తామా

ఉన్జో వంటగదిలోకి వచ్చేసరికి వాళ్లమ్మ మల్సున్ నేలమీద చతికిలబడి, ఉడికించిన చేపలోంచి ముళ్లు ఏరుతోంది. డెబ్బై ఒకటో ఏట, కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని, సన్న ముల్లు కూడా మిగలకుండా వేళ్లతో తడిమి తడిమి చూస్తోంది. ఆ చేప ఉన్జో కోసం కాదు, పక్కనే అరుస్తున్న పిల్లికూన కోసం.

"మరి నా చేప?" అంది ఉన్జో.

"పొయ్యిమీద ఉంది, వడ్డించుకో."

"దానికి ముళ్లు కూడా తీసి పెడుతున్నావ్."

"దానికి చేతుల్లేవు. నీకున్నాయిగా."

ఉన్జో నాచు సూపులో అన్నం కలుపుకుంది. ఆమెకు నలభై నాలుగేళ్లు. పెళ్లి చేసుకోలేదు. సంత పక్క సందులో బట్టలు సరిచేసే కొట్టు నడుపుతోంది. రెండేళ్ల కిందట తల్లి మణికట్టుకు ఆపరేషన్ అయినప్పుడు తన అద్దె గది ఖాళీ చేసి ఈ ఇంటికి వచ్చేసింది. వంట, మందులు, ఆసుపత్రి అన్నీ తనే చూసుకుంటోంది. ఈ రెండేళ్లలో తల్లి నోట తనకోసం ఒక్క మెత్తని మాట విన్న గుర్తు లేదు.

కూన వచ్చి మూడు వారాలే అయింది. మల్సున్ నలభై ఏళ్లు ఆల్చిప్పలు ఒలిచిన షెడ్డులో, చిప్పల గుట్ట కింద అది ఒక్కటే దొరికిందట. తల్లి పిల్లి ఏమైందో ఎవరికీ తెలియదు. పాత స్నేహితుల్ని పలకరించడానికి వెళ్లిన మల్సున్ దాన్ని చొక్కాలో పెట్టుకుని తెచ్చేసింది. సోయా గింజంత ఉందని కోంగ్ అని పేరు పెట్టింది, కొరియా భాషలో ఆ మాటకి గింజ అనే అర్థం.

ఆ గింజంత జీవికి ఒళ్లంతా పళ్లే. మల్సున్ దాని ముందు వేళ్లు ఆడిస్తుంది. అది ఎగిరి చేతిని నాలుగు కాళ్లతో చుట్టేసి, వెనక కాళ్లతో తన్నుతూ కసిగా కొరుకుతుంది. చిప్పలకీ కత్తికీ మొద్దుబారిపోయిన చేతులు ఆమెవి. "కొరుకు తల్లీ, కొరుకు, పళ్లొస్తున్నాయా నా బంగారానికి" అంటూ మురిసిపోతుంది. అదే ఆటని కోంగ్ ఉన్జో దగ్గరికి తీసుకొస్తుంది. చెప్పుల బీరువా వెనక దాక్కుని ఆమె చీలమండ పట్టుకుంటుంది. దుప్పటి కింద కాలివేళ్లు కదిలితే దూకుతుంది. మొన్న చూపుడువేలు చివర పళ్లు ఎంత లోతుగా దిగాయంటే, రెండు రోజులు సూది పట్టలేకపోయింది.

నొప్పి సరే, ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది ఇంకొకటి ఉంది. సాయంత్రం కొట్టు కట్టేసి వచ్చేసరికి ఆ కూన అమ్మ దూది కోటులో తల మాత్రం బయటపెట్టి పడుకుని ఉంటుంది. అమ్మ దాని చెవి వెనక నిమురుతూ ఏదో కూనిరాగం తీస్తుంటుంది. ఆ గొంతు ఉన్జోకి తెలియదు. ఇన్నేళ్లూ ఎక్కడ దాచిందో ఆ గొంతుని. గుమ్మంలో నిలబడి వినాలనిపిస్తుంది, వింటే గుండెలో మంట పుడుతుంది. గుప్పెడు పిల్లిని చూసి కుళ్లుకుంటున్నానా అని తనమీద తనకే రోత. అయినా దాని ఖాళీ గిన్నె ఎదురుగా ఉంటే కావాలని ఇంకో పావుగంట ఆగి నింపుతుంది. అది అరుస్తుంటే లోపల ఎక్కడో కొంచెం చల్లగా ఉంటుంది.

ఆ వారమే సంతలో ఊలు కొట్టు ఆవిడ తనకొక పిల్లి కావాలంది. కోంగ్‌ని ఇస్తానని ఉన్జో వెంటనే ఒప్పేసుకుంది, తల్లితో చెప్పకుండానే.

ఆదివారం తమ్ముడు తేగ్యు వచ్చాడు. ఓడలు కట్టే చోట పని, వారానికోసారి భోజనానికి వస్తాడు. ముగ్గురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. తేగ్యు గిన్నెలోకి మల్సున్ పెద్ద చేపముక్క వేసింది. చిన్న ముక్క బల్ల కిందికి జారింది. ఉన్జో ముల్లంగి పచ్చడి అందుకోబోతుంటే బల్ల కిందినుంచి కోంగ్ ఆమె కట్టు విప్పిన వేలినే పట్టుకుంది.

ఉన్జో చెయ్యి విదిలించింది. కూన వెళ్లి బీరువాకి తగిలి, లేచి, మూలకి పరిగెత్తింది.

"చంపేస్తావా ఏమిటే దాన్ని?" మల్సున్ అప్పటికే లేచి మూలకి వెళ్లింది. "పసిది. దానికేం తెలుసు?"

"నా వేలు చూడమ్మా."

"కడుక్కో. అదే పోతుంది."

"అక్కా, రక్తం వస్తోంది," అన్నాడు తేగ్యు.

ఉన్జో వేలికి రుమాలు చుట్టుకుంది. "రేపు ఊలు కొట్టు ఆవిడ వస్తుంది. దాన్ని తీసుకెళ్తుంది. మాట్లాడేశాను."

మల్సున్ పిల్లిని కోటులోకి దోపుకుంటూ కూతురివైపు తిరిగింది. "ఎవరినడిగి మాట్లాడావ్? కరిచిందని పంపించేస్తామా?"

"ఎందుకు పంపించవు? నన్ను పంపించావుగా."

తేగ్యు చేతిలో చెంచా ఆగిపోయింది.

"ఏమిటక్కా?"

"వీడు ఐదు నెలలవాడు. నాకు నాలుగేళ్లు. వీడి చెయ్యి కొరికాను. ఒక్కసారే కొరికాను. మర్నాడు పొద్దున్న పడవెక్కించి యోక్జి దీవిలో అమ్మమ్మ దగ్గర వదిలేసింది. మూడేళ్లు. అడిగినవాళ్లందరికీ ఒకటే మాట, తమ్ముణ్ణి కరుస్తోంది అందుకే పంపించాం అని. బడికి తీసుకొచ్చినప్పుడు నేను ఈవిణ్ణి అత్తా అని పిలిచాను. ఊరంతా నవ్వారు." ఉన్జో గొంతు పెద్దది కాలేదు. "ఇది రోజుకి పదిసార్లు కరుస్తుంది. దీనికి ముళ్లు తీసి పెడుతుంది. నాకూ పసితనమేగా అమ్మా అప్పుడు. నాకేం తెలుసు?"

తేగ్యు తల్లి వంక చూశాడు. మల్సున్ పిల్లిని పొదువుకుని గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

మర్నాడు ఉన్జో ఊలు కొట్టు ఆవిడకి ఫోన్ చేసి ఇప్పుడు రావద్దంది. ఎందుకలా అందో తనకే తెలియలేదు. రెండు రోజులు ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప మాట లేదు.

మూడోరోజు మధ్యాహ్నం కొట్టు తలుపు తోసుకుని మల్సున్ వచ్చింది. ఏనాడూ ఇక్కడికి రాలేదు. వచ్చేవాళ్ల కోసం వేసిన కుర్చీలో కూర్చోకుండా, బట్టల గుట్ట పక్కన నిలబడింది. కోటు గుండీల మధ్యనుంచి కోంగ్ చెవులు కనిపిస్తున్నాయి.

"ఎవరైనా వస్తారా ఇప్పుడు?"

"రారు. కూర్చో."

ఆమె కూర్చోలేదు. "కరిచినందుకు కాదు నిన్ను పంపించింది."

ఉన్జో కుట్టుమిషన్ ఆపింది.

"మీ నాన్న సముద్రం మీద ఉన్నాడు. మీ ఇద్దర్నీ ఇంట్లో వదిలి తెల్లారకముందే షెడ్డుకి పోయేదాన్ని. మధ్యలో పరిగెత్తుకొచ్చి తమ్ముడికి పాలిచ్చి పోయేదాన్ని. ఆ రోజు గుమ్మంలోనే వాడి ఏడుపు వినపడింది. చెయ్యంతా రక్తం. నువ్వు మూల నిలబడ్డావ్. నాకు ఏం పూనిందో, నిన్ను కొడదామని చెయ్యెత్తాను." ఆమె కుడిచెయ్యి ఎత్తి చూసుకుంది. "చేతిలో కత్తి ఉంది. ఆల్చిప్పల కత్తి. షెడ్డులో పెట్టి రావడం మర్చిపోయి పట్టుకునే వచ్చేశాను. నువ్వు దాని వంకే చూస్తున్నావ్. ఏడవను కూడా లేదు."

ఉన్జోకి ఆ రోజు తమ్ముడి చెయ్యి గుర్తుంది. మూల గుర్తుంది. కత్తి గుర్తు లేదు.

"మర్నాడు మళ్లీ అలాగే చెయ్యెత్తితే? నా చేతిని నేనే నమ్మలేకపోయాను. మీ అమ్మమ్మ దగ్గర పెట్టి వచ్చేశాను. ఎందుకు పంపావని అందరూ అడిగారు. కత్తి సంగతి ఎలా చెప్పను? పిల్ల కరుస్తోందని చెప్పాను. తప్పు నాది, పేరు నీకు పెట్టాను. తిరిగొచ్చాక కూడా నిన్ను దగ్గరికి తీసుకోవాలంటే భయమే. తర్వాత అదే అలవాటైపోయింది."

బయట ఎవరో బండి తోసుకుంటూ పోయారు. మల్సున్ కోటు గుండీలు విప్పి కూనని బల్లమీద పెట్టింది.

"నువ్వు ఇచ్చెయ్యమంటే దీన్ని ఇచ్చేస్తాను. నీకంటే ఎక్కువేం కాదు."

ఆ మాట కోసమే ఇన్నాళ్లూ ఎదురుచూశాననుకుంది ఉన్జో. వచ్చాక మాత్రం గెలిచినట్టు అనిపించలేదు. బల్లమీద కూన దారపు ఉండని పట్టుకుని చంపుతోంది. ఒంటరిగా దొరికిన పిల్ల.

"ముందు డాక్టరుకి చూపిద్దాం," అంది, కొట్టు తాళం తీసుకుంటూ.

పశువుల డాక్టరు చిన్నవయసు పిల్ల. కోంగ్ పళ్లు చూసింది, పొట్ట నొక్కింది, తన బొటనవేలు కరిపించుకుంది.

"దీనికి కోపమేం లేదు బామ్మగారూ. మరీ తొందరగా తల్లినుంచి విడిపోయింది, అంతే. తోబుట్టువులతో ఆడుకుంటే, గట్టిగా కొరికినప్పుడు అవి అరిచి ఆట మానేస్తాయి. అప్పుడు ఎంత కొరకాలో తెలుస్తుంది. దీనికి నేర్పేవాళ్లు లేకపోయారు."

"మేం ఏం చెయ్యాలి?" అంది ఉన్జో.

"ముందు చేతులతో ఆడడం మానెయ్యండి. కర్రకి ఈకో గుడ్డో కట్టి దాంతో ఆడించండి, అలిసిపోయేదాకా. ఆ తర్వాత తిండి పెట్టండి. కరిస్తే చెయ్యి లాక్కోకండి, లాగితే ఇంకా పట్టుకుంటుంది. కొట్టకండి. కదలకుండా ఉండి, వదలగానే లేచి అవతలి గదిలోకి వెళ్లిపోండి. రెండు నిమిషాలు. మళ్లీ వచ్చేయండి."

"రెండు నిమిషాలేనా?" అంది మల్సున్.

"అంతే బామ్మగారూ. ఎక్కువసేపు వదిలేస్తే ఎందుకు వదిలేశారో దానికి గుర్తుండదు. వదిలేశారని మాత్రమే తెలుస్తుంది."

మల్సున్ తల వంచుకుని కోటు గుండీలు పెట్టుకోవడం మొదలుపెట్టింది. ఒకటి తప్పు కన్నంలోకి పోయింది. ఉన్జో వంగి అది తీసి సరిగ్గా పెట్టింది.

ఆ సాయంత్రం ఉన్జో పాత పట్టు ముక్కలు కత్తిరించి వెదురు పుల్లకి కట్టింది. మల్సున్ దాన్ని నేలమీద జరిపింది. కోంగ్ గెంతింది, దొర్లింది, పట్టుకుంది. కాసేపటికి పుల్లని వదిలి పాత అలవాటు కొద్దీ ఆమె మణికట్టు పట్టుకుంది. మల్సున్ కదల్లేదు. అది వదలగానే లేచి గదిలోకి వెళ్లి తలుపు మూసింది. వెనకే ఉన్జో కూడా లోపలికొచ్చింది.

తలుపు అవతల కూన అరుపు మొదలైంది. గోళ్లతో గీరుతోంది. మల్సున్ తలుపుకి వీపు ఆనించి కూర్చుంది.

"నువ్వూ ఇలాగే ఏడ్చావా అక్కడ?"

అబద్ధం చెప్పవచ్చనుకుంది ఉన్జో. "మొదటి నెల ఏడ్చాను. రేవు దాకా పోయి కూర్చునేదాన్ని. తర్వాత మానేశాను."

మల్సున్ ముఖం చేతుల్లో దాచుకుంది. భుజాలు కదులుతున్నాయి గాని చప్పుడు లేదు. ఉన్జో పక్కన కూర్చుని ఆ కుడిచేతిని ముఖం మీంచి తీసి తన ఒళ్లో పెట్టుకుంది. ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు దాన్ని. అరచెయ్యి నిండా పాత గాట్లు, వంకర పోయిన వేళ్లు.

"మూడేళ్లు చాలా ఎక్కువే," అంది మల్సున్.

"ఎక్కువే అమ్మా."

ఉన్జో గోడ గడియారం చూసి లేచి, తల్లికి చెయ్యందించింది.

"రెండు నిమిషాలైంది. పద, అదెదురు చూస్తోంది."