ఎవరూ ముట్టని కీబోర్డు

అతని భార్యను చంపేశారు.

ఆస్పత్రి కాగితాల్లో గుండెపోటు అని రాసుకున్నారు. రాసుకోనీ. గుండె లయ తప్పితే మోగాల్సిన అలారం ఆ రోజు మోగలేదు. వార్డు కంప్యూటర్ బిగుసుకుపోయింది. దాని కడుపులో ఎవడో దొంగచాటుగా క్రిప్టో నాణేలు, అంటే ఇంటర్నెట్ డబ్బు, తవ్వుకునే ప్రోగ్రామ్ పెట్టాడు; మెషిన్ బలమంతా అదే పీల్చేసింది.

ఆ ఎవడో కోసమే అతను ఇదే ఆస్పత్రిలో కంప్యూటర్లు బాగుచేసే పనిలో చేరాడు.

తీసేసిన ప్రతిసారీ అది మళ్లీ వచ్చి కూర్చుంటోంది. అంటే... దొంగ ఇంట్లోనే ఉన్నాడు!

"ఈ రాత్రికి మెషిన్లన్నీ విప్పి వెతుకుతా" అని పొద్దున్నే అందరి చెవినా వేశాడు. ఆలోపే దొంగ ఆనవాళ్లు తుడవడానికి వస్తాడని కింద పోలీసుల్ని కూర్చోబెట్టాడు.

ఇప్పుడు చీకటి పడింది.

ఫోన్! వార్డు నర్సు.

"అన్నా! మౌస్ ఎవరూ పట్టుకోలేదు... స్క్రీన్ మీద బాణం దానంతటదే తిరుగుతోంది! ఏవో ఫైళ్లు తెరుస్తోంది!"

"పేషెంట్ల పక్కన మనుషులున్నారా?"

"మంచానికొకరం నిలబడ్డాం."

"ఫోన్ పెట్టేయకు!"

కేబుళ్ల గదిలోకి దూకాడు. ఒక్కో అంతస్తుకు ఒక్కో వైరు. వార్డుది వదిలి ఒక్కోటీ పీకితే, దొంగ ఉన్న అంతస్తు దగ్గర బాణం ఆగుతుంది.

మొదటిది లాగాడు.

"ఆగిందా?"

"లేదు!"

రెండోది.

"ఇప్పుడు?"

"తిరుగుతూనే ఉంది... తొందరగా అన్నా!"

మూడోది పీకాడు.

"ఆగింది! చచ్చిన పాములా పడుంది!"

మూడో అంతస్తు!

వైరు చేత్తో పట్టుకునే పరుగెత్తాడు. ఊపిరి అందడం లేదు... రికార్డుల గది తలుపు కింద వెలుగు!

ఒక్క తన్ను!

కుర్చీలో ఉన్నవాడు గిర్రున తిరిగాడు.

"బావా...!"

భార్య తమ్ముడు. ఆస్పత్రి కంప్యూటర్లన్నిటికీ పెద్ద. ఆమె పోయిన రోజు అందరికంటే గట్టిగా ఏడ్చినవాడు.

"నువ్వేంట్రా ఇక్కడ?"

"నేనూ ఆ దొంగనే వెతుకుతున్నా బావా! దొరికింది... వార్డు మెషిన్‌లో మొత్తం తుడిచేశా! ఒక్క ముక్క మిగల్లేదు!"

అతను వైరు బల్ల మీద పడేశాడు.

"ఈ అంతస్తు వైరు. నువ్వు తుడవకముందే పీకేశా. నువ్వు తుడిచింది ఈ గడప దాటలేదు. వార్డు మెషిన్‌లో అది పెట్టినవాడి ఆనవాళ్లన్నీ అలాగే ఉన్నాయి."

కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు వాడి మొహంలో.

"కీబోర్డు ఎవరూ ముట్టనప్పుడే తవ్వమని పెట్టాను బావా... ఖాళీ మెషిన్లే కదా అని..."

"వార్డులో కీబోర్డు ఎవరు ముట్టుకుంటార్రా? అది రోగుల గుండెల్ని చూస్తూ కూర్చుంటుంది! అది ఖాళీయా?"

"నాకు తెలిసేసరికి... అక్క..."

"తెలిశాక మళ్లీ ఎందుకు పెట్టావు?"

వాడు చేతులు జోడించాడు.

"అక్క ఉంటే క్షమించేది బావా!"

"క్షమించేదే. లేకుండా చేశావుగా."

మెట్ల మీద బూట్ల చప్పుడు...

వాడు కాళ్ల మీద పడ్డాడు.

"జైలుకి పోతా! అమ్మకు మాత్రం చెప్పకు. నీ కాళ్లు పట్టుకుంటా!"

"చెప్పను."

వాడికి పోయిన ప్రాణం లేచొచ్చింది.

అతను ఫోన్ తీశాడు. నంబర్ నొక్కాడు. స్పీకర్!

"అల్లుడూ! దొరికాడా? నా కూతుర్ని మింగినవాడు దొరికాడా?"

వాడు బిగుసుకుపోయాడు.

"మాట్లాడవేం అల్లుడూ? ఎవడు వాడు?"

అతను వంగి, ఫోన్ వాడి నోటి దగ్గర పెట్టాడు.

"నువ్వే చెప్పు. ఇక ఈ మాట నేనెత్తను. చచ్చేదాకా!"