సబ్బుకు అర్థాలు

ఉదయం ఎనిమిదింటికి ఆయన "సబ్బు" అన్నాడు. భార్య బకెట్ పట్టుకుని కుళాయి దగ్గరికి వెళ్లింది.

పక్షవాతం వచ్చి మూడు నెలలు. పాతికేళ్లు అచ్చాఫీసులో కూర్చుని ఊళ్లోవాళ్ల రాతల్లో తప్పులన్నీ దిద్దిన మనిషి నోట ఆ ఒక్క మాటే మిగిలింది. ఇంకో మాట వస్తుందన్న ఆశ పెట్టుకోవద్దని డాక్టరు చెప్పేశాడు. ఉన్నట్టుండి శుభ్రం మీద ఇంత ధ్యాస ఎందుకు పుట్టిందో ఆవిడకు అంతుపట్టలేదు. పెళ్లయిన కొత్తలో చెమట చొక్కాతోనే పడుకునేవాడు. అయినా అడిగేది ఒక్కటే కదా అని రోజుకు మూడుసార్లు ఒళ్లు తుడుస్తోంది. ఆయన చర్మం పొలుసులు లేస్తోంది.

నీళ్లు నిండుతుండగా ఆడపడుచు వచ్చింది. ఆవిడ మాటలు మెత్తగానే ఉంటాయి, సూదిలా లోపలికి దిగాకే తెలుస్తాయి.

"నవ్వులు వీధిలోకి వినిపిస్తుంటే, మా తమ్ముడు లేచి కూర్చున్నాడేమో అనుకున్నా."

"లేదు వదినా. మీ మేనకోడలు. ఆ అంతరిక్షం నవల చదివి నవ్వుతోంది."

"బాగుంది. దానికైనా కాలక్షేపం అవుతోంది."

ఆ నవల అట్ట ఎప్పుడో ఊడిపోయింది. పదిహేనేళ్ల కూతురు దాన్ని తొమ్మిదిసార్లు చదివింది. హాస్యం ఇంకా రెండు పేజీల అవతల ఉండగానే నవ్వడం మొదలుపెడుతుంది. తల్లి బకెట్‌తో గదిలోకి వెళ్లేసరికి పిల్ల మంచం అంచున కూర్చుని, పుస్తకం ఒళ్లో పెట్టుకుని, "సబ్బూ... సబ్బ్... సబ్బూ?" అని రాగాలు తీస్తూ పడీపడీ నవ్వుతోంది.

తల్లి బకెట్ దించింది.

"నాన్నని వెక్కిరిస్తున్నావా?"

"వెక్కిరించడం కాదమ్మా. ఇందులో ఒక రాయబారి ఉంటాడు. వాడి అనువాద యంత్రంలో టీ ఒలికి, ఏం చెప్పినా 'గొడుగు' అనే వస్తుంది. అంతరిక్ష నౌకలో అందరూ వాడికి గొడుగులు తెచ్చి ఇస్తుంటారు. వంటవాడొక్కడే చెవి పెట్టి విని..."

"తండ్రి మంచాన పడుంటే నీకు గొడుగులు కావాల్సొచ్చాయా?"

పుస్తకం లాక్కుని నడిమికి చీల్చింది. కాగితాలు నేల మీద పడ్డాయి. మంచం మీంచి "సబ్బు, సబ్బు, సబ్బు" అని గట్టిగా వినిపించింది. ఆవిడ చెయ్యి అలవాటుగా బకెట్ మీదికి పోయింది.

"నీళ్లు కాదమ్మా," అంది పిల్ల. ఇప్పుడు నవ్వడం లేదు. "ఆపమంటున్నాడు. నాన్న స్నానం అడగలేదు. ఒక్కసారి కూడా అడగలేదు."

తల్లి వంగి ఒక కాగితం తీసింది. అంచున కూతురి పెన్సిల్ రాత: వెంటవెంటనే రెండుసార్లు, దాహం. ముక్కుతో అంటే, పక్కకి తిప్పాలి. చివర సాగదీస్తే, కిటికీ మూయాలి. పొడిగా, మెల్లగా అంటే, భయం.

"నేను తప్పు పలికితే దిద్దుతాడు," అంది పిల్ల. "సరిగ్గా వచ్చేదాకా వదలడు. అందుకే నవ్వుకుంటున్నాం. ఇద్దరం."

"నాకెందుకు చెప్పలేదే?"

"రెండుసార్లు చెప్పాను. కథలు చెప్పకు, పని చూసుకో అన్నావు."

వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డ ఆడపడుచు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తల్లి ఇంకో కాగితం తీసింది. అందులో "అమ్మ ఒళ్లు తుడిచేటప్పుడు" అని ఉంది. ఆ పక్కన ఖాళీ.

"ఇక్కడేం రాయలేదేం?"

పిల్ల కాగితాలు ఏరుతూ తల ఎత్తలేదు.

"నిన్నే అడుగుతున్నా."

"చలేస్తోంది అని," అంది పిల్ల. "రాస్తే నువ్వు చదువుతావని రాయలేదు."

రోజుకు మూడుసార్లు, మూడు నెలలు. లెక్క వేయబోయి ఆవిడ మధ్యలోనే ఆపేసింది. దుప్పటి ఆయన మెడదాకా కప్పి, అంచులు ఒంటి కిందికి దోపింది. ఆ పని అయ్యాక చేతులను ఏం చెయ్యాలో తెలియక మంచం మీదే కూర్చుండిపోయింది. కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతుంటే తుడుచుకోలేదు.

ఆయన కదిలే చేత్తో ఆవిడ మణికట్టు పట్టుకుని, చాలా నెమ్మదిగా, "సబ్బు" అన్నాడు.

ఆవిడ పిల్ల వైపు చూసింది.

"ఇది నాకు తెలీదమ్మా. ఎప్పుడూ వినలేదు."

ఆవిడ ముందుకు వంగి, చెవిని ఆయన పెదవుల దగ్గరికి తెచ్చింది.

"ఇంకోసారి అనండి," అంది. "తొందరేం లేదు."