కొండ మూసిన నెల

ఆ పొద్దు చేయాల్సిన పనులు శకుంతలమ్మ మనసులో వరుసగా ఉన్నాయి. ఆవుకు చొప్ప వేయాలి. మనవరాలు లోహితకు ఉగ్గు కాచాలి. మిద్దె మీద ఎండిన చింతపండు దించి గింజ తీయాలి. మాస్కులు ఉడుకు నీళ్లలో వేసి ఆరేయాలి. ఆఖరిది ఎవరికీ చెప్పలేనిది: ఎట్లాగైనా తిరుపతి ఆసుపత్రి చేరాలి. మాత్రలు నాలుగే మిగిలాయి.

పదకొండేళ్లుగా ఆమె నెలకోసారి పుత్తూరులో తొలి బస్సెక్కేది. ఇంట్లో "కొండకు పోయొస్తా" అని చెప్పేది. ముందు ఆసుపత్రిలో హెచ్ఐవీ మాత్రలు తీసుకునేది. తర్వాత, చెప్పిన మాట అబద్ధం కాకూడదని, నిజంగానే తిరుమల వెళ్లి దండం పెట్టుకుని వచ్చేది. భర్త చనిపోయిన ఏడాది బయటపడిన జబ్బు అది. కొడుకు మునికుమార్‌కు కూడా తెలియదు. ఊరంతా ఆమెది గొప్ప భక్తి అనుకునేది.

ఇప్పుడు కరోనా వచ్చి బస్సులు ఆగాయి. కొండపైకి భక్తుల్ని రానివ్వడం లేదు. రేణిగుంట గోదాములో పనిచేసే మునికుమార్, ఇంటికి జబ్బు తేకూడదని మూడు వారాలుగా అక్కడే ఉండిపోయాడు.

పాపను చంకనేసుకుని శకుంతలమ్మ మెల్లగా అంది, "రూపా, రేపు కొండకు పోయొస్తానమ్మా."

కోడలు రూపశ్రీ చింతపండు బుట్టను దబ్బున దించింది. "యాడికి? కొండే మూసేసినారు గదత్తా! నీ ఒక్కదానికే తలుపు తీస్తానని స్వామి ఫోన్ చేసినాడా?"

"అలిపిరి కాడ దండం పెట్టుకోని వస్తా."

"ఈడ్నుంచే పెట్టు, ఆయనకు కనపడదా? నీ కొడుకు బిడ్డ మొగం ఫోన్లో చూసుకోని ఏడస్తాండాడు. నువ్వు ఊర్లు తిరిగి జబ్బు తెస్తావా? మనవరాలికన్నా మొక్కే ఎక్కువా నీకు?"

శకుంతలమ్మ పాపను ఇంకాస్త దగ్గరికి తీసుకుంది. "మొక్కు కాదు రూపా. మాత్రలు."

"బీపీ మాత్రలు పుత్తూర్లో దొరకవా?"

"ఆ మాత్రలు కాదు."

లోపలికెళ్లి పెట్టె అడుగు నుంచి ఆసుపత్రి పుస్తకం తెచ్చి కోడలి చేతిలో పెట్టింది. రూపశ్రీ చదివింది. మళ్లీ చదివింది. అత్త చంకలోంచి పాపను తీసేసుకుంది.

శకుంతలమ్మ చేతులు అట్లాగే ఉండిపోయాయి. "ఎత్తుకుంటే అంటదమ్మా. మాత్ర తప్పకుండా మింగితే లోపలి పురుగు నిద్రపోతాదని డాక్టరమ్మ చెప్పింది. పదకొండేండ్లలో ఒక్క పొద్దు తప్పలేదు. ఇప్పుడు ఆపితే అది లేస్తాది. అప్పుడు కరోనా గూడా నన్నే వెతుక్కుంటాది."

రూపశ్రీ పుస్తకం వెనక ఉన్న నంబరుకు ఫోన్ చేసింది. ఎత్తిన మనిషి పేరు ఏబెల్, ఆసుపత్రి తరఫున ఇలాంటి రోగుల మంచిచెడ్డలు చూసేవాడు. పాప గురించి ఆమె అడిగిన ప్రతిదానికీ విసుక్కోకుండా జవాబిచ్చాడు. "మీ అత్త చెప్పింది నిజమేమ్మా. మీరు రావద్దు, మాత్రలు నేనే తెస్తా. ఎవురన్నా అడిగితే విత్తనాలంటాలే."

రూపశ్రీ ఫోన్ పెట్టేసింది. తర్వాత పాపను అత్త ఒళ్లో కూర్చోబెట్టింది. "ఇన్నేండ్లు ఒక్కదానివే ఎట్ల మోసినావత్తా? తెలిసింటే అట్లంటి మాట అందునా?"

"నువ్వు అనకపోతే నేను చెప్పుందునా?" అంటూ శకుంతలమ్మ కళ్లు తుడుచుకుంది.

మర్నాడు ఊరి మొదట్లో అడ్డం వేసిన ముళ్లకంప దగ్గర ఏబెల్ స్కూటర్ ఆగింది. కాపలా ఉన్న గురప్ప "ఏందప్పా ఆ పొట్లం?" అని నిలదీశాడు.

ఏబెల్ నోరు తెరవకముందే రూపశ్రీ అందుకుంది. "మా అత్త మాత్రలు, గురప్ప మామా. ఏం జబ్బని అడిగినావంటే నీ జబ్బులన్నీ మైకులో చదువుతా. కంప తియ్!"

గురప్ప నవ్వుతూ కంప జరిపాడు.

మూడు నెలల మాత్రలు! శకుంతలమ్మ వాటిని చెంగులో పొదువుకుని, "మజ్జిగన్నా తాగు నాయనా" అంది.

అతను దూరంగానే నిలబడ్డాడు. "వద్దమ్మా, ఇంకా ఆరు ఊర్లుండాయి." రూపశ్రీ వైపు చూసి గొంతు తగ్గించాడు. "నేనూ ఇవే మింగతాండా. ఒక పొద్దు తప్పితే ఎంత భయమో నాకు తెలుసు."

ఆ సాయంత్రం శకుంతలమ్మే కొడుక్కు ఫోన్లో అంతా చెప్పింది. మునికుమార్ అడ్డు తగలకుండా విన్నాడు. చివరికి, "ఈ పొద్దు మాత్ర మింగినావామ్మా?" అన్నాడు. ఇప్పటికీ రోజూ అడుగుతూనే ఉన్నాడు.

శకుంతలమ్మ బాగుంది. ఆ కరోనా రోజులు మీ ఇంట్లో ఎప్పుడైనా మాటల్లోకి వస్తే, తన ఒంట్లోనూ హెచ్ఐవీ పెట్టుకుని, ఎండలో ఊరూరికీ మందులు మోసిన ఏబెల్‌ను ఒక్కసారి తలుచుకోండి.