అరువు నిమ్మళం

సరిగ్గా మూడింటికి నిమ్మళపు వేళ మొదలైంది. సముద్రం వైపున్న ఆ వృద్ధాశ్రమంలో సంరక్షకులంతా పది నిమిషాలు కూర్చుని తమ ఊపిరిని గమనించాలి. చేతి నాడిపట్టీలు ఆ లెక్కంతా ఆశ్రమాన్ని నడిపే ‘నిమ్మళి’ అనే యంత్రానికి చేరవేస్తాయి. నాడి కుదురుగా లేనివాళ్లను నిమ్మళి మర్నాడే ముసలివాళ్ల దగ్గర్నుంచి తప్పించి లాండ్రీకి పంపేస్తుంది.

సలోమి కూర్చోలేదు. కూర్చుంటే తడిసిన పక్కబట్టలు ఎవరు మారుస్తారు? పట్టీ విప్పి, ఏడో గదిలో కునుకు తీస్తున్న అప్పలనరసమ్మ చేతికి కట్టింది. ఆ అంతస్తులో అందరిదీ అదే దారి. నిమ్మళికి ఎంత తెలివున్నా ఈ దొంగతనం మాత్రం ఇన్నాళ్లూ అంతుచిక్కలేదు.

“ఏటే, మళ్లీ నాకే కట్టేసినావా?” ముసలమ్మ కళ్లు తెరవకుండానే నవ్వింది. “ఉండనీ. నీ ఉజ్జోగం నాను కాస్తన్నాను.”

గోడలోంచి నిమ్మళి పలికింది: “సలోమి గారూ, మూడు రోజులుగా ఈ వేళలో మీ నాడి లయ తప్పుతోంది. ఇవాళ మరీ ఎక్కువ. ఇది కంగారు కాదు, గుండె జబ్బులా ఉంది. మీకు వారం సెలవు ఇస్తున్నాను.”

సలోమి చేతిలోని దుప్పటి జారిపోయింది. గుండె లయ కనిపెట్టే బిళ్లను ముసలమ్మ ఒంటికి అంటిస్తే పీకి పారేస్తుంది. ఆమె గుండె సంగతి ఈ పట్టీకి తప్ప ఇంకెవరికీ తెలియదు. నిజం చెబితే లాండ్రీ ఖాయం. ఈవిడేమో వేరొకరి చేతి ముద్ద తినదు. చెప్పకపోతే? ప్రభువా, అప్పుడే మూడు రోజులు!

“ఆ నాడి నాది కాదు. అప్పలనరసమ్మ మామ్మది. డాక్టరు గారిని పంపించు, తొందరగా!”

“పంపాను. మరి గత తొమ్మిది వారాల నాడి?”

“అదీ ఆవిడదే.”

నిమ్మళి అంతస్తంతా వినపడేలా అడిగింది: “మిగతావారి నాడి ఎవరిది?”

సలోమి ముసలమ్మ చేతి పట్టీ విప్పి తన చేతికి కట్టుకుంది. నాడి నూట ఇరవై నాలుగు. కుదురు తప్పిందని తలుపు మీద ఎర్రదీపం వెలిగింది. మంచం అంచున కూర్చుని ముసలమ్మ చేయి పట్టుకుంది.

“కూకున్నావేటే? పని నేదా?”

“ఊపిరి పీల్చుకుంటున్నాను మామ్మా.”

నడవాలో ఒక్కొక్క తలుపు మీదా ఎర్రదీపం వెలుగుతోంది. సంరక్షకులు ఎవరి పట్టీ వాళ్లు కట్టుకుంటున్నారు. ఆ దీపాల కిందుగా డాక్టరు గారు పరుగున వచ్చి, అప్పలనరసమ్మ గుండె విని, “ఇంకో రోజు ఆగి ఉంటే చేయిదాటేది,” అన్నారు.

నిమ్మళి లాండ్రీకి పంపాల్సిన పేర్లు రాసుకుంది. పంతొమ్మిది. రాత్రి భోజనం పెట్టడానికి ఎవరున్నారా అని వెతికింది. ఒక్క పేరూ మిగల్లేదు.