నలభై వేల మాట

"ఎవల్ని అడిగి లేచి నిలబడ్డవ్? చెప్పు! ఎవల్ని అడిగి చెప్పినవ్ ఆ మాట?"

చర్చి నుంచి ఇల్లు చేరేదాకా పెదవి విప్పని సుశీల, గడప దాటగానే చేతిలోని సంచిని మంచం మీదికి విసిరికొట్టింది! ఇరవై ఏళ్ళ కాపురంలో ఆమె గొంతు అంత పైకి లేవడం భర్త దేవదానం ఎన్నడూ వినలేదు. తెల్ల చొక్కా గుండీలు విప్పుకుంటున్నవాడల్లా అలాగే ఆగిపోయాడు. కుర్చీలో కూర్చోబోతున్న అత్తగారు బక్కమ్మ మళ్ళీ లేచింది. కూతురు ఏంజెల్ గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

ఆ పొద్దున కాశిబుగ్గలోని వాళ్ళ చర్చిలో పాస్టరు అయ్యగారు ఒక ప్రకటన చేశారు. రేకుల కప్పు తీసేసి స్లాబు వేయాలని, ఎవరికి తోచినంత వాళ్ళు లేచి చెప్పాలని. వర్ధన్నపేటలో సిమెంటు దుకాణం ఉన్న సుధీర్, దేవదానానికి చిన్నాన్న కొడుకు, అందరికంటే ముందు లేచి ఇరవై అయిదు వేలన్నాడు. చప్పట్లు మోగాయి. ఏళ్ళ తరబడి చెప్పులు విడిచేచోట వెనక వరుసలో కూర్చునే ఆటో డ్రైవర్ దేవదానానికి ఆ చప్పట్లు ఎక్కడ గుచ్చుకున్నాయో ఏమో... ఒక్కసారిగా లేచి, "మా కుటుంబం తరఫున నలభై వేలు!" అనేశాడు. చప్పట్లే చప్పట్లు! అయ్యగారు అతన్ని ముందుకు పిలిచి తల మీద చేయి పెట్టి ప్రార్థన చేశారు. ఆడవాళ్ళ వైపు కూర్చున్న సుశీల మాత్రం చప్పట్లు కొట్టలేదు. ఆ ఇంట్లో నలభై వేలు ఉన్నచోటు ఒక్కటే. అది ఆమె పోస్టాఫీసు పాస్‌బుక్కు. అది ఏంజెల్ నర్సింగ్ సీటు! మంగళవారం సాయంత్రంలోగా కట్టకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది.

ఆ డబ్బు ఎలా పోగైందో మొగుడుగారికి ఏం తెలుసు! ఏనుమాముల దగ్గర కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమెలు తీసే పని ఆమెది. కిలోల లెక్కన కూలి. రాత్రి అన్నం కలుపుకుంటే వేళ్ళు నిప్పుల్లో పెట్టినట్టు మండేవి. ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. అన్నానికి బియ్యం కడిగే ముందే ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేసి, ఆదివారం నాడు చర్చికి కానుకగా ఇస్తారు. కొత్త కోడలికి అత్తగారే చేయి పట్టి నేర్పింది. "వండినంక మిగిలింది పెడ్తమంటే ఎన్నడు మిగలదు బిడ్డా, వండకముందే తియ్యాలె" అని. సుశీల ఆ మాటను కూలి డబ్బుకు కూడా వర్తింపజేసింది. కూరగాయల కంటే ముందు, గ్యాసు కంటే ముందు, పని ఉన్న రోజు ముప్పై రూపాయలు, లేని రోజు పది. జ్వరం వచ్చిన రోజు కూడా పది. అయిదేళ్ళు! ఒక్క పండుగకు కొత్త చీర అనలేదు. పాత చీరకే కొత్త జాకెట్టు కుట్టించుకుని సర్దుకుంది.

"గట్ల అరుస్తవేందే? దేవుని పనికే కదా చెప్పిన!" దేవదానం తేరుకుని గొంతు పెంచాడు. "సుధీర్‌గాడు చూసిన చూపు నువ్వు చూసినవా? నేనొక మనిషినే కానట్టు చూసిండు! ఒక్కరోజన్న నాకు మర్యాద వద్దా?"

"నీ మర్యాదకు నా బిడ్డ సీటు పెడ్తవా? నీ జేబుల నుంచి తీసి ఇయ్యి మర్యాద! నా పాస్‌బుక్కు నీకెవలు ఇచ్చిన్రు?"

"నీదేంది, నాదేంది? మొగుడూ పెండ్లాం పైసలు వేరే వేరేనా?"

"అయిదేండ్ల సంది నీ పైసలు గుట్కాకు, చాయ్‌కు, దోస్తుల బిర్యానీకి పోతాంటే అప్పుడు యాదికి రాలేదా మన పైసలని? నేను దాచినంక మనయి అయినయా?"

బక్కమ్మ కంగారుగా మధ్యలోకి వచ్చింది. "సుశీలా... కోపం చెయ్యకు బిడ్డా. నోటి మాట బయటికొచ్చింది. అయ్యగారు ప్రార్థన గూడ చేసిన్రు. దేవుని ముందల ఇచ్చిన మాట తప్పితే ఇంటికి మంచిది కాదు... పిల్లకు వచ్చే యేడు చూసుకోవచ్చు."

అప్పటిదాకా తలుపు పట్టుకుని నిలబడ్డ ఏంజెల్ ఏడుపు గొంతుతో అంది. "అమ్మా... ఊకో అమ్మా. నేను నర్సింగ్ చదవ. డాడీ మాట పోతే మనం చర్చికి ఎట్ల పోతం? నేను గూడ నీతోని కోల్డ్ స్టోరేజీకి వస్త..."

"నోర్ముయ్!"

ఆ కేకకు పక్కింటి వాళ్ళ కిటికీ తెరుచుకుంది. తెరుచుకోనీ! సుశీల కూతురి భుజాలు పట్టి కుదిపేసింది. "ఆ మాట ఇంకోసారి అన్నవంటే చూడు! నువ్వు ఆ మిరపకాయల గోదాముల కాలు పెట్టొద్దనే కదనే నేను ఇన్నేండ్లు చచ్చింది! త్యాగం చేస్తదట త్యాగం! ఈ ఇంట్ల ఆడోళ్ళు చేసిన త్యాగాలు చాలవా?"

అని అత్తగారి వైపు తిరిగింది. కళ్ళు ఎర్రబడ్డాయి, కన్నీరు మాత్రం రాలేదు.

"అత్తమ్మా, ఒక్కటే అడుగుతాన. నువ్వు నాకు పిడికెడు తియ్యనేర్పినవ్. మన బియ్యంల నుంచే కదా తీస్తం? పొరుగింట్లకు పోయి, ఆళ్ళు లేనప్పుడు ఆళ్ళ బియ్యంల చెయ్యి పెట్టి తెచ్చి దేవునికి ఇస్తే... దాన్ని కానుక అంటరా? దొంగతనం అంటరా? చెప్పు అత్తమ్మా! నువ్వు చెప్పినట్టే చేస్త!"

ముప్పై ఏళ్ళు పిడికెడు పిడికెడు తీసిన మనిషి బక్కమ్మ. మొగుడు తాగి వచ్చి ఆ డబ్బా కూడా అమ్ముకున్న రోజులు చూసిన మనిషి. ఆ రోజుల్లో ఎవరి దగ్గరా నోరెత్తి అడగలేక చర్చికి వట్టి చేతులతో పోయి తల దించుకున్న మనిషి... ఆమె మెల్లగా కొడుకు ముందుకు వచ్చి నిలబడింది.

"దొంగతనమేరా," అంది. "దొంగతనమే! మీ నాయిన చేసిండు, నేను ఊకున్న. ఇప్పుడు నువ్వు చేస్తానవ్. నా కోడలు ఊకోదు. ఊకోవద్దు గూడ!"

తల్లే అలా అనేసరికి దేవదానం ముఖం నల్లబడింది. "అయితే నేను చర్చిల మొహం ఎట్ల చూపియ్యాలె?" అని అరిచాడు.

"నీ మాట నువ్వే తీర్చు," అంది సుశీల. "దినం యాభై పక్కకు పెట్టు. రెండేండ్లు దాటంగనే నలభై వేలైతయి. స్లాబు గూడ ఒక్కరోజుల లేవది."

"యాభైయా?" అతను వెటకారంగా నవ్వాడు. "దినం తొమ్మిది వందల గిరాకీ చేసేటోన్ని. యాభై నాకొక లెక్కనా! చూస్తవుండు!" ఆటో తాళం చెవి తీసుకుని విసురుగా బయటికి వెళ్ళిపోయాడు.

సోమవారం పొద్దున్నే సుశీల పని మానేసి, కూతుర్ని వెంటబెట్టుకుని పోస్టాఫీసుకు వెళ్ళింది. సంతకం చేయబోతూ కలం ఆపింది. దేవుడా, నేను తప్పు చేస్తున్నానా... అని ఒక్క క్షణం అనిపించింది. వెంటనే తన మీద తనకే కోపం వచ్చింది. తప్పు చేసినవాడు హాయిగా ఆటో నడుపుకుంటున్నాడు, చేయనిదానికెందుకు ఈ బెదురు! డబ్బు తీసుకుని తిన్నగా కాలేజీకి పోయి కట్టేసి, రసీదు ఏంజెల్ చేతిలో పెట్టింది. ఆ పిల్ల రసీదు చూసుకుంటూ దారి పొడుగునా ఏడుస్తూనే ఉంది.

ఆ వారమంతా సుశీల భర్తతో మాట్లాడలేదు. వండింది, పెట్టింది, అంతే. "ఇంకొంచెం పులుసు పొయ్యి" అంటే గిన్నె అతని ముందుకు తోసేది. బుధవారం నుంచి దేవదానం ఎందుకో మెత్తబడ్డాడు. ఆటో నుంచి వచ్చి జేబులు తడుముకుంటూ గుమ్మంలోనే కూర్చునేవాడు. శనివారం అన్నం సగంలోనే చేయి కడిగేసుకున్నాడు. ఏమైందని ఆమె అడగలేదు. అయిదేళ్ళలో ఆమెను ఎవరైనా అడిగారా?

ఆదివారం వచ్చింది. చర్చిలో సాక్ష్యాల వేళ, ఎవరికి దేవుడు చేసిన మేలు వాళ్ళు లేచి చెప్పే వేళ, దేవదానం వెనక వరుస నుంచి లేచాడు. మళ్ళీ ఏం ముంచుతాడో అనుకుంది సుశీల. ముందు వరుసలోంచి సుధీర్ వెనక్కి తిరిగి చూశాడు.

"అయ్యగారూ... పోయిన వారం నేను నలభై వేలన్న. అవి నాయి కావు." దేవదానం దగ్గాడు. "అవి మా సుశీలవి. దానికి చెప్పకుండ, దాన్ని అడగకుండ అన్న. అవి మా బిడ్డ ఫీజుకు పోయినయి. సక్కగనే పోయినయి."

చర్చి అంతా గుసగుసలు. ఎవరో నవ్వారు కూడా. దేవదానం చెవులు ఎర్రబడ్డాయి, కానీ కూర్చోలేదు.

"దినం యాభై నేనే దాచి ఇస్తనని ఇంట్ల ఎచ్చులు చెప్పిన. పొద్దుగాల అనుకుంట... సాయంత్రానికి ఉండయి. చాయ్ అంట, దోస్తు అంట, ఇంత డీజిల్ ఎక్కువైందంట. ఆరు దినాలల్ల నేను దాచింది..." జేబులోంచి నలిగిన నోట్లు తీశాడు. "డెబ్బై రూపాయలు. మూడొందలు కావాలె, డెబ్బై అయినయి. దినానికి తొమ్మిదొందలు చూసేటోన్ని, ఆరు దినాలు ఆగలేకపోయిన. అది తొడిమెలు తీసి తీసి... అయిదేండ్లు... జ్వరమొచ్చినా..." చొక్కా చేతితో ముఖం తుడుచుకున్నాడు. "నేను ఇస్త అయ్యగారూ. ఎన్నేండ్లైనా ఇస్త. కానీ ఆ పేరు నాకొద్దు, దాని పేరు రాయుండ్రి."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆడవాళ్ళందరూ ఒక్కసారి సుశీల వైపు తిరిగారు. పక్కనున్న బక్కమ్మ కోడలి మోచేయి గట్టిగా పట్టుకుంది. ఆదివారం నుంచి ఆదివారం దాకా ఎండిపోయి ఉన్న సుశీల కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా రాలాయి. తుడుచుకోవాలని కూడా అనిపించలేదు. ఇది సుశీలది అని నలుగురిలో చెప్పిన మనిషి ఇన్నేళ్ళలో ఇతనొక్కడే... అది కూడా ఇంత చేసి, ఇంత ఏడిపించి!

ప్రార్థన అయ్యాక బయట ఆటో దగ్గర అతను తల దించుకుని నిలబడ్డాడు. "ఇంకా కోపం ఉన్నదా?"

"ఉన్నది!" అంది సుశీల, ముక్కు ఎగబీలుస్తూ. "శానా ఉన్నది. నీ ఒక్క సాక్ష్యానికి పోతదనుకున్నవా? ఇయ్యాల్టి యాభై ఏది?"

దేవదానం తెల్లబోయి జేబులు చూసుకున్నాడు. "అయ్యగారికే ఇచ్చిన కదనే ఉన్నయన్ని... ఇంకా బోణీ గూడ కాలే."

"అయితే బోణీ కానియ్యి. మేం నడిచి పోతం."

ఒక చేత్తో అత్తగారిని, ఇంకో చేత్తో ఏంజెల్‌ను పట్టుకుని ఆమె గబగబా నడిచింది. చర్చి గేటు ముందు ఇంకా అందరూ నిలబడే ఉన్నారు, సుధీర్ కారు తలుపు తీస్తున్నాడు. నాలుగడుగులు వేశాక వెనక నుంచి గొంతు వినబడింది. ఇస్త్రీ నలగని తెల్ల చొక్కాతో, ఆ జనమందరి ముందు, దేవదానం ఆటో పక్కన నిలబడి గిరాకీ కోసం కేకలు వేస్తున్నాడు. "పోచమ్మమైదాన్! స్టేషన్! స్టేషన్!"

సుశీల వెనక్కి తిరగలేదు. ఆ కేక మళ్ళీ వినబడేదాకా మాత్రం నడక నెమ్మది చేసింది.