పిచ్చమ్మ పేగుముక్క

మే నెలలో నల్లపాడు ల్యాబులో మధ్యాహ్నం అన్నం తినాలంటే ఒక చేతిలో ముద్ద, ఇంకో చేతిలో జేబురుమాలు ఉండాలి. పక్కనే మిర్చి గోడౌన్లు. గాలి ఇటు తిరిగితే చాలు, గైడు గారి దగ్గర్నుంచి వాచ్‌మన్ దాకా వరసగా తుమ్ముతారు. ఆ రోజు ఆదివారం కాబట్టి తుమ్మడానికి రాగసుధ తప్ప ఎవరూ లేరు. వరండాలో కూర్చుని పెరుగన్నం తింటోంది గానీ, మనసంతా లోపల బల్ల మీద పెట్టొచ్చిన చిన్న సీసా మీదే ఉంది.

ఆ సీసాలో ఉన్నది కలరా విషం. క్రిమి ఉండదు, దాన్నుంచి తీసి శుద్ధి చేసిన విషం మాత్రమే. పేగు కణానికి నీళ్ళు వదలమని సంకేతం వస్తే లోపల ఒక స్విచ్చి పడుతుంది, పనైపోగానే దానంతటదే ఆగుతుంది. ఈ విషం తగిలితే ఆ స్విచ్చి అక్కడే బిగుసుకుపోతుంది. ఇక కణం ఎవరి మాటా వినదు, నీళ్ళు కక్కుతూనే ఉంటుంది. మనిషికైతే ప్రాణం మీదికి వస్తుంది. రాగసుధలాంటి పరిశోధకులకి మాత్రం అదే వరం. స్విచ్చి బిగిసి ఉంటే ఏ సంకేతం ఎటు పోతోందో తీరిగ్గా వెతుక్కోవచ్చు.

రాగసుధ వాడుతున్న పేగు కణాలు పిచ్చమ్మవి. ల్యాబు ఊడ్చే మనిషి. చలికాలంలో ఆపరేషన్ చేసి పేగు కొంత తీసేస్తే, అందులో గోరంత ముక్క పరిశోధనకి ఇస్తానని తనే వేలిముద్ర వేసింది. "నేనెటూ సరిగ్గా తినలా, అదన్నా తింటదిలే" అని నవ్వింది కూడా. ఆ ముక్కలోంచి పెంచిన కణాలు కంటికి ఆనని బోలు ఉండలై ప్లేటులో బతుకుతున్నాయి. పిచ్చమ్మ మాత్రం పోయి పదకొండు రోజులైంది. ఇక మిగిలింది ఒక్క ప్లేటు. ఇవాళ ప్రయోగం కుదిరితే థీసిస్ పూర్తి, కుదరకపోతే ఆరేళ్ళ చాకిరీ మట్టిపాలు.

పెరుగన్నం సగంలో ఉండగా పిచ్చమ్మ కొడుకు బాపయ్య గేటు తోసుకుని వచ్చాడు. గుండు, తడిపంచె, ఎర్రబడ్డ కళ్ళు.

"పెద్దకర్మ ఇయ్యాళ. పొద్దున్నుంచి కాలవ గట్టున పిండం పెట్టుకుని కూర్చున్నాం మేడమ్. కాకి వస్తంది, చూస్తంది, పోతంది. ముట్టట్లా." చేతులు కట్టుకున్నాడు. "అమ్మది ఇక్కడేదో ఇంకా బతికుందంటగా. ఇచ్చెయ్యండమ్మా, దాన్ని కూడా సాగనంపుతాం."

రాగసుధ పురోహితుల ఇంట పుట్టిన పిల్ల. కాకి ముట్టకపోవడమంటే ఏమిటో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు. అయినా ఆ నోటికి సిగ్గు లేకపోయింది.

"అది ఎప్పుడో పారేశాం బాపయ్యా."

అతను తలూపి వెళ్ళిపోయాడు. ఆమె చెయ్యి కడుక్కుని లోపలికెళ్ళి, విషం వేసి, ప్లేటు ఇంక్యుబేటర్లో పెట్టింది.

గంటకి ఉబ్బాల్సిన ఉండలు పావుగంటకే ఉబ్బాయి. మైక్రోస్కోపు కింద ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఆపే మందు వేసి మళ్ళీ లోపల పెట్టింది. ఆగలేదు. గంట దాటేసరికి మైక్రోస్కోపుతో పనే లేకపోయింది. శనగగింజంత... ద్రాక్షపండంత... పల్చటి తోలు, లోపల బియ్యం కడుగునీళ్ళలాంటి తెల్లటి నీళ్ళు. ప్లేటు మూత లేచింది. ఇంక్యుబేటర్ తలుపు సందులోంచి నేల మీదికి ధార కట్టింది.

ఆ వాసన! చేపలు కడిగి వదిలేసిన తొట్టి కంపు, దాని వెనకే రోగిష్టి మంచం కింద గిన్నె కంపు. ముక్కు మూసుకుంటే నాలిక మీదికి వచ్చింది. నేల మీది ధార తుడవబోతే గ్లవ్ లోపలికి ఎలా దూరిందో, వేళ్ళ సందుల్లో గోరువెచ్చగా, జిగటగా... తుడిస్తే సాగింది. సాగి మళ్ళీ చేతికే అతుక్కుంది. ఛీ... ఛీ... చెయ్యి నరికి అవతల పారెయ్యాలనిపించింది.

ఫోను మోగింది. బాపయ్య గుసగుసలాడుతున్నాడు.

"మేడమ్... పిండంలోంచి నీళ్ళు ఊరతన్నయ్. తెల్లగా... ఒకటే కంపు. అయ్యగారు కూడా లేచి దూరంగా పోయారు. అమ్మది నిజంగా పారేశారా?"

నిజం నాలిక చివరిదాకా వచ్చింది.

"పారేశామని చెప్పాగా," అంది రాగసుధ. ఫోను పెట్టేసి, ఆ అబద్ధాన్ని నిజం చేద్దామని బ్లీచింగ్ డబ్బా మొత్తం ప్లేటు మీద ఒంపేసింది. నురగ వచ్చింది. ఉండలు ఒక్కొక్కటీ చప్పుడు చేసి పగిలాయి. ఖాళీ తోళ్ళు మిగిలాయి. ఆమె గోడకి ఆనుకుని కూలబడింది. ఆరేళ్ళ పని పోయింది. పోతే పోయింది, వదిలింది అనుకుంది.

పది నిమిషాలకి మళ్ళీ బాపయ్య.

"ముట్టింది మేడమ్!" ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియడం లేదు. "ఒకటి కాదు, గట్టంతా నల్లబడిపోయింది. మీరు చల్లగా ఉండాలి తల్లీ. మీరు పంపింది పెట్టాకే ముట్టినయ్."

"నేను... ఏం పంపాను?"

"అదే, ఆకులో చుట్టి. ఎవరో ముసలావిడ తెచ్చింది. ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. చీరలోంచి ఒకటే నీళ్ళు కారతన్నయ్. నే వద్దనేలోపే పిండం మీద పెట్టేసింది. ఎర్రగా, మెత్తగా... ఇంకా కదల్తా ఉంది మేడమ్." గొంతు బాగా తగ్గించాడు. "ఇదేనా మా అమ్మది అని అడిగా. 'మీ అమ్మది లేదంటగా, అందుకని ఆ పిల్లదే తెచ్చా' అంది. నాకేం అర్థం కాలా."

ఫోను జారి ఆ తెల్లటి మడుగులో పడింది. రాగసుధ పొట్ట మీద చెయ్యి వేసుకుంది. నొప్పి లేదు. నెత్తురు లేదు. కుర్తా కూడా చెక్కుచెదరలేదు. కానీ బొడ్డుకి ఎడమ పక్కన, ఆగాల్సిన చోట చెయ్యి ఆగలేదు... మెత్తగా, లోపలికి దిగుతూనే ఉంది.